‘మాత్రమే’ అన్న మాట గురించి: పిల్లల నాడీ కణితి మందులపై ఒక ఉత్తరం

సంపాదకులకు నమస్కారాలు.

పసిపిల్లల్లో వచ్చే నాడీ కణితి కణాలను ఏరి చంపే మందుల గురించి ఇటీవల మీ పత్రికలో వచ్చిన వార్త చదివి ఈ ఉత్తరం రాస్తున్నాను. పిల్లల క్యాన్సర్ వార్డుకు మందులు కొలిచి, కలిపి పంపే ఫార్మసిస్టుగా చాలా ఏళ్ళుగా పనిచేస్తున్నాను. ఆ వార్త వచ్చిన మర్నాడు ఒక తండ్రి ఆ కాగితాన్ని జాగ్రత్తగా మడిచి తెచ్చి, మందులిచ్చే కిటికీ దగ్గర నా ముందు పరిచారు. “సార్, ఈ మందు క్యాన్సర్ కణాలను మాత్రమే చంపుతుందట, మంచి కణాల జోలికి పోదట. మరి మా బాబుకి ఇస్తున్నది ఇంతలా ఎందుకు బాధపెడుతోంది? దీన్ని ఇవ్వకూడదా?” అని అడిగారు. ఆయన కొడుకుకు ఆ వారం ఎక్కిస్తున్నది కూడా, మీ వార్త లెక్క ప్రకారం, ‘ఏరి చంపే’ మందే. ఆ సంగతి ఆయనకు ఎలా చెప్పాలో నాకు వెంటనే తోచలేదు. కిటికీ దగ్గర నిలబడి రెండు నిమిషాల్లో చెప్పలేకపోయినదాన్ని మీ పాఠకులకు తీరిగ్గా చెప్పాలని ఈ ప్రయత్నం.

మీ వార్తలో అబద్ధమేమీ లేదు. పరిశోధకులు నిజంగానే అలాంటి అణువులను వెతుకుతున్నారు, కొన్నింటిని కనుగొన్నారు, వాటిలో కొన్ని ఇవాళ పిల్లల ప్రాణాలు నిలుపుతున్నాయి కూడా. నా అభ్యంతరమంతా ‘మాత్రమే’ అన్న ఒక్క మాట మీదనే. ఈ జబ్బులో ఆ మాటకు ఉన్న విలువ, దానికి ఉన్న హద్దు, రెండూ తెలియాలంటే జబ్బు స్వభావం కొంత తెలియాలి.

న్యూరోబ్లాస్టోమా అని వైద్యులు పిలిచే ఈ కణితి పెద్దవాళ్ళ క్యాన్సర్ల వంటిది కాదు. పెద్దవాళ్ళలో ఏళ్ళ తరబడి పొగ, ఎండ, వయసు వంటివి జన్యువులను దెబ్బతీయగా క్యాన్సర్ పుడుతుంది. ఇక్కడ కథ గర్భంలోనే మొదలవుతుంది. బిడ్డ రూపం దిద్దుకునే తొలి వారాల్లో వెన్ను వెంబడి నాడీ శిఖర కణాలు అనేవి ఏర్పడి, అక్కడి నుంచి శరీరంలో పలుచోట్లకు వలసపోతాయి. వాటిలో కొన్ని మూత్రపిండాల పైన ఉండే అడ్రినల్ గ్రంథుల లోపలి భాగంగానూ, కొన్ని వెన్నెముకకు ఇరుపక్కలా గొలుసులా సాగే సహానుభూత నాడీ ముడులుగానూ స్థిరపడి, పరిణతి చెంది, గుండె వేగాన్నీ రక్తపోటునూ అదుపు చేసే పనిలో పడతాయి. ఆ దారిలో కొన్ని కణాలు పరిణతి చెందడం మాని, విభజన చెందడం మాత్రం మానకపోతే, అవే కణితిగా మారతాయి. 1910లో జేమ్స్ హోమర్ రైట్ అనే వ్యాధి నిర్ధారణ శాస్త్రవేత్త, అంతవరకు వేర్వేరు జబ్బులుగా భావించిన ఇలాంటి కణితులన్నీ పరిణతి లేని నాడీ కణాల నుంచే పుడుతున్నాయని గుర్తించి దీనికి ఆ పేరు పెట్టారు. మెదడుకు వెలుపల పిల్లల్లో వచ్చే గట్టి కణితుల్లో ఇదే ఎక్కువగా కనిపిస్తుంది. ఏడాది నిండని పసివాళ్ళకు వచ్చే క్యాన్సర్లలోనూ ఇదే ముందుంటుంది. జబ్బు బయటపడే పిల్లల్లో దాదాపు సగం మంది ఏడాదిన్నర లోపు వారే.

అంటే ఈ కణితి బయటి నుంచి వచ్చిన శత్రువు కాదు, బిడ్డ సొంత ఎదుగుదలలో సగంలో ఆగిపోయిన ఒక భాగం. నేను చెప్పదలచుకున్న ముఖ్యమైన సంగతి ఇదే. కణితి కణానికి ఏ గుర్తులున్నాయో, ఏ జన్యువులు పనిచేస్తున్నాయో, వాటిలో చాలా వరకు ఎదుగుతున్న ఆరోగ్యవంతమైన కణానికీ ఉంటాయి. కొన్ని జీవితాంతం ఉంటాయి. అందువల్ల ఈ జబ్బులో ‘ఏరి చంపడం’ అనేది ఉందా లేదా అని తేల్చగలిగే ప్రశ్న కాదు. ఎంత మేరకు, ఏ కణాలతో పోల్చినప్పుడు, ఏ బిడ్డలో అన్నవి కలిపి అడగవలసిన ప్రశ్న.

ఈ కణితికి మరొక విచిత్రమైన గుణం ఉంది. కొందరు పసికందుల్లో ఇది కాలేయానికీ చర్మానికీ పాకిన తర్వాత కూడా, ఏ మందూ లేకుండా, తనంతట తాను కరిగిపోతుంది. ఇది తెలియక జరిగిన ఒక పెద్ద ప్రయత్నం గురించి ఇక్కడ చెప్పాలి. ఈ కణితి విడుదల చేసే రసాయనాలు మూత్రంలో కనబడతాయి కాబట్టి, ఆరు నెలల పసివాళ్ళందరికీ మూత్ర పరీక్ష చేసి జబ్బును ముందే పట్టుకోవాలని జపాన్ 1985లో దేశమంతటా కార్యక్రమం మొదలుపెట్టింది. బయటపడిన కణితుల సంఖ్య బాగా పెరిగింది. కానీ కెనడాలోని క్యుబెక్‌లోనూ జర్మనీలోనూ ఇలాంటి పరీక్షలే జరిపి 2002లో ప్రకటించిన ఫలితాల్లో మరణాలు తగ్గలేదని తేలింది. ముందే దొరికినవి ఎక్కువగా తమంతట తాము కరిగిపోయే రకం కణితులు. ప్రాణం తీసే రకం మాత్రం ఆ తర్వాతి వయసులో, వేగంగా వస్తున్నాయి. జపాన్ 2004లో ఆ కార్యక్రమాన్ని ఆపింది. అక్కరలేని శస్త్రచికిత్సలకూ కీమోథెరపీకీ గురైన పసివాళ్ళ సంగతి తలచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది. ఒకే పేరుతో పిలిచే ఈ జబ్బులో నిజానికి ఎన్నో జబ్బులున్నాయని ఆ అనుభవం నేర్పింది. ‘ఈ జబ్బుకు మందు దొరికింది’ అని చదివినప్పుడల్లా, వీటిలో దేనికి అని నేను ఆగి చూసుకోవడానికి కారణం అదే.

తక్కువ ప్రమాదం ఉన్న రకంలో నూటికి 95 మందికి పైగా పిల్లలు బతుకుతున్నారు. కొందరికి శస్త్రచికిత్స చాలు, కొందరిని కనిపెట్టుకుని ఉంటే చాలు. ఎక్కువ ప్రమాదం ఉన్న రకంలో, ఇవాళ ఉన్న చికిత్సలన్నీ ఇచ్చినా, దీర్ఘకాలం బతికేవారు ఇంచుమించు సగం మందే. ఆ చికిత్స ఎలాంటిదో చూడనివారికి మాటల్లో చెప్పడం కష్టం. నెలల తరబడి బలమైన కీమోథెరపీ, శస్త్రచికిత్స, ఎముక మూలుగను దాదాపు ఖాళీ చేసేంత మోతాదు మందులిచ్చి ముందే దాచిన బిడ్డ మూలకణాలను తిరిగి ఎక్కించడం, రేడియేషన్, ఆ తర్వాత ఇమ్యునోథెరపీ, అంటే బిడ్డ రోగనిరోధక శక్తితోనే కణితిని కొట్టించే చికిత్స. కీమోథెరపీ మందులు వేగంగా విభజన చెందే ప్రతి కణాన్నీ కొడతాయి. జుట్టు తిరిగి వస్తుంది, నోటి పుండ్లు మానుతాయి. సిస్‌ప్లాటిన్ అనే కీమోథెరపీ మందు దెబ్బకు లోపలి చెవిలో చనిపోయిన కణాలు మాత్రం తిరిగి రావు. చికిత్స గెలిచి ఇంటికి వెళ్ళిన పిల్లలు కొందరు తిరిగి పరీక్షలకు వచ్చినప్పుడు, వెనుక నుంచి పేరు పెట్టి పిలిస్తే తల తిప్పకపోవడం నేను చూశాను. ఆ సీసా కలిపిన చేతులు నావే. కాబట్టి, కణితిని కొట్టి బిడ్డను వదిలే మందు కావాలని కోరుకునేవారిలో నేనెవరికీ తీసిపోను. ఆ కోరిక ఉన్నందువల్లే ఆ మాటను కొలిచి వాడాలని అడుగుతున్నాను.

ఆ తండ్రి కొడుకుకు ఎక్కిస్తున్న మందు సంగతికి వస్తాను. న్యూరోబ్లాస్టోమా కణాల పైపొర మీద జీడీ2 అనే చక్కెర-కొవ్వు అణువు దట్టంగా పరుచుకుని ఉంటుంది. ఒంట్లోని చాలా కణాల మీద అది ఉండదు. శాస్త్రవేత్తలు లక్ష్యంగా ఎంచుకోవడానికి ఇంతకంటే అనువైన గుర్తు అరుదు. దీనికి అతుక్కునే ప్రతిరక్షకాలను, అంటే యాంటీబాడీలను, 1980లలోనే తయారు చేశారు. ప్రతిరక్షకం వెళ్ళి కణితి కణానికి అతుక్కుంటే, బిడ్డ సొంత రోగనిరోధక కణాలు ఆ గుర్తును చూసి దాడి చేస్తాయి. 226 మంది పిల్లలతో జరిపి 2010లో ప్రకటించిన అధ్యయనంలో, ఈ ప్రతిరక్షకాన్నీ దానికి తోడు రోగనిరోధక శక్తిని ప్రేరేపించే మందులనూ కలిపి ఇచ్చినప్పుడు, రెండేళ్ళ తర్వాత జబ్బు తిరగబెట్టకుండా ఉన్నవారు నూటికి 66 మంది. ఇవ్వనివారిలో అది 46. ఈ జబ్బు చికిత్సలో అంత తేడా అంతకుముందు అరుదుగా కనిపించింది. డైన్యుటుక్సిమాబ్ అనే పేరుతో ఆ మందుకు అమెరికాలో 2015 మార్చిలో అనుమతి వచ్చింది. దాని తోబుట్టువు వంటి డైన్యుటుక్సిమాబ్ బీటాకు 2017లో ఐరోపాలో, నాక్సిటమాబ్‌కు 2020లో అమెరికాలో అనుమతులు వచ్చాయి.

ఇంత చక్కగా ఏరుకునే మందు బిడ్డను బాధపెట్టడం ఎందుకు? జీడీ2 కణితి మీద మాత్రమే లేదు. నొప్పిని మోసే సన్నని నరాల తంతువుల మీద కూడా ఉంది. కణితి పుట్టిందీ నాడీ కణాల నుంచే కాబట్టి ఇందులో వింతేమీ లేదు. ప్రతిరక్షకం అక్కడా అతుక్కుంటుంది. అతుక్కోగానే రక్తంలోని కాంప్లిమెంట్ అనే ప్రోటీన్ల వ్యవస్థ మేల్కొంటుంది, నరం మంటెత్తుతుంది. మందు ఎక్కుతున్నంతసేపూ బిడ్డకు కడుపులో, కాళ్ళల్లో భరించలేని నొప్పి వస్తుంది. అందుకే ఆ సీసాతో పాటు మార్ఫిన్ సీసా కూడా నేను పంపవలసి వస్తుంది. ఆ తండ్రి చూసింది అదే. మందు గురి తప్పి ఇది జరగడం లేదు, తన గురిని ఉన్న ప్రతిచోటా వెతికి పట్టుకోవడం వల్లనే జరుగుతోంది. ఈ ఒక్క వాక్యం మీ వార్తలో ఉండి ఉంటే ఆయన ఆ కాగితాన్ని అంత ఆశతో మడిచి తెచ్చేవారు కాదేమో, లేదా ఇప్పుడిస్తున్న మందు మీద నమ్మకం పోగొట్టుకునేవారు కాదేమో.

ఈ నొప్పిని తగ్గించేందుకు జరిగిన పని కూడా ప్రజలకు తెలియదగినది. ప్రతిరక్షకంలో ఒకే ఒక అమైనో ఆమ్లాన్ని మార్చి, కాంప్లిమెంట్‌ను తట్టిలేపే శక్తిని తగ్గించి, రోగనిరోధక కణాలను పిలిచే శక్తిని మాత్రం ఉంచిన రూపాన్ని తయారు చేసి పిల్లలకు ఇచ్చి చూశారు. గుర్తు అదే, అతుక్కునే చోటూ అదే. అతుక్కున్న తర్వాత ఏం జరగాలన్నది మార్చారు. అలాగే, తొలి అధ్యయనంలో రోగనిరోధక శక్తిని ప్రేరేపించేందుకు కలిపి ఇచ్చిన ఇంటర్‌ల్యూకిన్-2 అనే మందు వల్ల బాధ పెరుగుతోందే తప్ప అదనపు మేలు లేదని 2018లో ఐరోపా అధ్యయనం తేల్చిన తర్వాత దాన్ని మానేయడం మొదలైంది. ఇలాంటి చిన్న దిద్దుబాట్లకు పెద్ద శీర్షికలు దొరకవు. కానీ మంచం మీద ఉన్న బిడ్డకు వాటి తేడా ఆ రాత్రికే తెలుస్తుంది. ఇంకొక సంగతి. 226 మంది అధ్యయనాన్ని మరికొన్నేళ్ళు కొనసాగించి చూసినప్పుడు, జబ్బు తిరగబెట్టకుండా అయిదేళ్ళు గడిపినవారు మందు తీసుకున్నవారిలో నూటికి సుమారు 57, తీసుకోనివారిలో 46. రెండేళ్ళప్పుడు కనిపించిన 20 అంకెల తేడా 11కు తగ్గింది. అయినా అయిదేళ్ళకు బతికి ఉన్నవారి లెక్కలో, మందు తీసుకున్నవారి 73కూ తీసుకోనివారి 57కూ మధ్య ఉన్న తేడా చాలా పెద్దదని నా నమ్మకం. ఇలాంటి అంకెలను కుటుంబాలకు చెప్పినప్పుడు వాళ్ళు నిరాశపడతారని అనుకుంటాం. నా అనుభవంలో వాళ్ళు నిదానిస్తారు.

జీడీ2 తర్వాత చెప్పుకోదగినది ఎంఐబీజీ అనే అణువుతో చేసే చికిత్స. సహానుభూత నాడీ కణాలు తాము విడుదల చేసే నోర్‌అడ్రినలిన్ అనే సంకేత రసాయనాన్ని పనైపోగానే తిరిగి లోపలికి లాక్కుంటాయి. అందుకోసం వాటి పొరల్లో ఒక రవాణా ప్రోటీన్ ఉంటుంది. ఎంఐబీజీ అణువు ఆకారం నోర్‌అడ్రినలిన్‌ను పోలి ఉండడం వల్ల ఆ ద్వారం గుండా అదీ లోపలికి పోతుంది. పదింట తొమ్మిది న్యూరోబ్లాస్టోమాలు దీన్ని ఇలా లాక్కుంటాయి. దానికి రేడియోధార్మిక అయోడిన్‌ను తగిలిస్తే, ఒక రకం అయోడిన్‌తో కణితి ఎక్కడెక్కడ ఉందో ఫొటోలో కనబడుతుంది, అయోడిన్-131తో ఆ కణితికి లోపలి నుంచే రేడియేషన్ అందుతుంది. ఇతర చికిత్సలకు లొంగని పిల్లల్లో కూడా దాదాపు మూడింట ఒక వంతు మందిలో కణితులు తగ్గుతాయి. ఇక్కడా ‘మాత్రమే’ అనలేము. విడిపోయిన అయోడిన్‌ను థైరాయిడ్ గ్రంథి లాక్కుంటుంది కాబట్టి బిడ్డకు ముందే పొటాషియం అయోడైడ్ పట్టాలి. రక్తకణాలు పడిపోతాయి కాబట్టి మూలకణాలు సిద్ధంగా ఉంచుకోవాలి. రేడియేషన్ తగ్గేదాకా రెండు మూడేళ్ళ బిడ్డను సీసపు గోడల గదిలో ఉంచి, తల్లి దగ్గరకు వచ్చే సమయాన్ని నిమిషాల్లో లెక్కపెట్టవలసి వస్తుంది. శరీరం లోపల ఏరుకునే మందు శరీరం బయట తల్లినీ బిడ్డనూ వేరు చేస్తుంది. ఆ బాధను ఏ అధ్యయనమూ పట్టికలో చూపదు.

ఇక జన్యువుల సంగతి. 1983లో ఈ కణితుల్లో మిక్-ఎన్ అనే జన్యువును కనుగొన్నారు. సుమారు అయిదింట ఒక కణితిలో ఈ జన్యువు రెండు ప్రతులకు బదులు పదుల, కొన్నిసార్లు వందల ప్రతులుగా పేరుకుని ఉంటుంది. అలా ఉన్నప్పుడు జబ్బు మొండిగా, వేగంగా సాగుతుందని ఆ తర్వాతి రెండేళ్ళలోనే తేలింది. అంత స్పష్టమైన లక్ష్యం తెలిసి నాలుగు దశాబ్దాలు గడిచినా దాన్ని నేరుగా ఆపే మందు ఇప్పటికీ పిల్లల వార్డుకు చేరలేదు. ఆ జన్యువు తయారు చేసే ప్రోటీన్‌కు మందు అణువు వెళ్ళి కూర్చోగలిగే లోతైన గుంట లేకపోవడమే ప్రధాన కారణం. నేరుగా కొట్టలేనప్పుడు దాని మీద ఆధారపడినదాన్ని కొట్టాలన్న ఆలోచన నుంచి ఎఫ్లోర్నితిన్ వచ్చింది. మిక్-ఎన్ హెచ్చుగా ఉన్న కణం పాలీఅమైన్లు అనే చిన్న అణువులను విపరీతంగా తయారు చేసుకుంటుంది. అవి లేకపోతే దాని ఎదుగుదల సాగదు. వాటి తయారీలో తొలి మెట్టుగా ఉన్న ఎంజైమును ఈ మందు ఆపుతుంది.

ఈ మందు చరిత్ర నన్ను ఎప్పుడూ కదిలిస్తుంది. మొదట క్యాన్సర్ కోసమే దీన్ని తయారు చేశారు, పెద్దవాళ్ళ క్యాన్సర్లలో అది పెద్దగా పనిచేయలేదు. తర్వాత అది ఆఫ్రికా నిద్ర జబ్బును కలిగించే పరాన్నజీవిని చంపుతుందని తేలి, 1990లో ఆ జబ్బుకు అనుమతి పొందింది. నిద్ర జబ్బు వచ్చేది పేదవాళ్ళకు కావడంతో లాభం లేక దాని తయారీ ఆగిపోయింది. 2000లో అదే అణువు ముఖం మీద అవాంఛిత రోమాలను తగ్గించే పూతమందుగా అమెరికాలో అమ్మకానికి వచ్చింది. 2001లో ప్రపంచ ఆరోగ్య సంస్థతో కుదిరిన ఒప్పందం వల్ల నిద్ర జబ్బు రోగులకు ఇంజెక్షన్ మళ్ళీ అందింది. చివరకు 2023 డిసెంబరులో, ఎక్కువ ప్రమాదం ఉన్న న్యూరోబ్లాస్టోమాకు ముందు చికిత్సలన్నీ ముగించి వాటికి స్పందించిన పిల్లల్లో జబ్బు తిరగబెట్టకుండా చూసేందుకు, రెండేళ్ళ పాటు వేసుకునే మాత్రగా దీన్ని అమెరికా ఆమోదించింది. ఆ ఆమోదానికి ఆధారం, పిల్లలను చీటీ వేసి మందు ఇచ్చేవారు, ఇవ్వనివారు అని రెండు గుంపులుగా పంచిన అధ్యయనం కాదు. ఈ మాత్ర తీసుకున్న పిల్లలను, అంతకుముందు వేరే అధ్యయనంలో ఇది లేకుండా చికిత్స పొందిన పిల్లలతో పోల్చి చూసిన లెక్క. ఫలితం ఆశాజనకంగానే ఉంది, ఆధారం బలం మాత్రం ఒక మెట్టు తక్కువ. ఇది కూడా కణితిని మాత్రమే తాకే మందు కాదు. కొందరు పిల్లల్లో వినికిడిని తగ్గిస్తుంది. సిస్‌ప్లాటిన్ వల్ల ఇప్పటికే కొంత వినికిడి పోయిన బిడ్డకు ఈ మాత్ర ఇవ్వవలసి వచ్చినప్పుడు వైద్యులు చెవి పరీక్షలు చేయించుకుంటూ ఒక్కొక్క అడుగూ వేస్తారు.

2008లో ఆల్క్ అనే మరో జన్యువులో మార్పులు ఈ జబ్బును పుట్టిస్తున్నాయని, కొన్ని కుటుంబాల్లో తరతరాలుగా వచ్చే రకానికీ అదే మూలమని నాలుగు పరిశోధక బృందాలు ఒకేసారి ప్రకటించాయి. దీన్ని ఆపే మందులు ఊపిరితిత్తుల క్యాన్సర్ కోసం అప్పటికే తయారవుతున్నాయి కాబట్టి దారి సుగమమనిపించింది. కానీ ఆల్క్ మార్పు ఉన్నది పదింట ఒక కణితిలోనే. ఆ మార్పుల్లోనూ ఒకటి ఆ మందుల్లో ఒకటైన క్రిజోటినిబ్‌కు లొంగితే, మరొకటి లొంగలేదు. ప్రోటీన్‌లో 1275వ స్థానంలో మార్పు ఉంటే మందు పనిచేస్తుంది, 1174వ స్థానంలో ఉంటే అదే మందు నిలవదు. తర్వాత వచ్చిన లోర్లాటినిబ్ ఆ లోపాన్ని చాలావరకు దాటింది. జబ్బు తిరగబెట్టిన, 18 ఏళ్ళ లోపు పిల్లల్లో దాన్ని ఒక్కదాన్నే ఇచ్చినప్పుడు నూటికి 30 మందిలో స్పందన కనిపించిందని 2023లో ప్రకటించారు. ఒంటి బరువు, రక్తంలో కొవ్వు పెరగడం వంటి దుష్ఫలితాలున్నాయి. ఒక అక్షరం మారిన చోటును బట్టి మందు మారే జబ్బులో, కణితి ముక్కను జన్యు పరీక్షకు పంపకుండా ‘కొత్త మందు’ గురించి మాట్లాడడం అర్థం లేని పని. మీ వార్తలో పరీక్ష ప్రస్తావన ఒక్క వాక్యంలోనూ లేదు.

చంపకుండానే మేలు చేసే మందు కూడా ఒకటుంది. మొటిమల మందుగా చాలామందికి తెలిసిన ఐసోట్రెటినాయిన్, ఆగిపోయిన నాడీ కణాన్ని పరిణతి వైపు నడిపిస్తుంది. 1999లో ప్రకటించిన అధ్యయనంలో దీన్ని తీసుకున్న పిల్లల్లో మూడేళ్ళ పాటు జబ్బు తిరగబెట్టకుండా ఉన్నవారు నూటికి 46 మంది కాగా, తీసుకోనివారిలో 29 మంది. కణితి బిడ్డ ఎదుగుదలలో ఆగిపోయిన భాగమన్న అవగాహన లేకపోతే ఈ మందు ఆలోచనే పుట్టేది కాదు.

ఇప్పుడు మీ వార్తలోని పరిశోధనకు మూలమైన పద్ధతి గురించి. ప్రయోగశాల పళ్ళెంలో పెంచిన కణితి కణాల మీద వందల, వేల రసాయనాలను పరీక్షించి, వాటిని చంపుతూ మామూలు కణాలను చంపనివాటిని ఏరుతారు. ఇది అవసరమైన తొలి అడుగు, దీన్ని నేను తక్కువ చేయడం లేదు. అయితే ఆ ‘మామూలు కణాలు’ ఏవో పాఠకుడు అడగాలి. ఎక్కువసార్లు అవి చర్మం నుంచి తీసిన, పెంచడం తేలికైన కణాలు. బిడ్డ లోపలి చెవి కణాలు ఆ పళ్ళెంలో ఉండవు. ఎదుగుతున్న మెదడు ఉండదు. ఎముకలు పొడవు సాగే చోట ఉండే మృదులాస్థి ఉండదు. పెద్దవాళ్ళకు పెద్దగా హాని చేయని ఒక రకం లక్ష్య మందులు, మెడుల్లోబ్లాస్టోమా అనే మెదడు కణితి ఉన్న పిల్లలకు ఇచ్చినప్పుడు, వాళ్ళ ఎముకల ఎదుగుదల పలకలను ముందే మూసేసి, ఎత్తు పెరగకుండా ఆపేసిన ఉదంతం ఉంది. పళ్ళెంలో ఆ నష్టం కనబడే వీలే లేదు.

పైగా కణితి కణం నిలకడగా ఒకే రూపంలో ఉండదు. ఒకే కణితిలో నాడీ కణాలను పోలిన కణాలతో పాటు, ఆ లక్షణాలను వదిలేసి మరింత ఆదిమ రూపంలోకి వెళ్ళిన కణాలూ ఉంటాయని, ఒక రూపం నుంచి మరో రూపానికి మారగలవని 2017 నుంచి వచ్చిన పరిశోధనలు చూపాయి. ఆ రెండో రూపంలో కీమోథెరపీకి లొంగడం తగ్గుతుంది, జీడీ2 కూడా తగ్గుతుంది. ఒక్క గుర్తునే నమ్ముకున్న మందు ముందు నుంచి కొన్ని కణాలు ఆ గుర్తును తీసేసి తప్పించుకుపోతాయి. జబ్బు ఎందుకు తిరగబెట్టిందని తల్లిదండ్రులు తమను తాము తప్పుపట్టుకుంటూ అడిగినప్పుడు వారికి చెప్పవలసిన జవాబుల్లో ఇదొకటి. వేళ తప్పిన ఏ ఒక్క మాత్ర వల్లనో అది రాలేదు.

ఆశ లేదని నేను అనడం లేదు. బిడ్డ సొంత టీ-కణాలనే రోగనిరోధక కణాలను బయటకు తీసి, జీడీ2ను గుర్తుపట్టేలా మార్చి, తిరిగి ఎక్కించే కార్-టీ చికిత్సను రోమ్‌లోని బాంబినో జేజూ పిల్లల ఆసుపత్రి వైద్యులు 27 మందికి ఇచ్చి 2023లో ఫలితాలు ప్రకటించారు. మిగతా చికిత్సలు అయిపోయిన ఆ పిల్లల్లో 17 మందికి కణితులు తగ్గాయి, వారిలో 9 మందికి పూర్తిగా మాయమయ్యాయి. ఆ కణాలు అదుపు తప్పితే వాటినే చంపేయగల జన్యు మీటను కూడా వాటిలో ముందే అమర్చారు. చేసే హాని మీద ముందు నుంచే అదుపు పెట్టుకుని రూపొందించిన చికిత్స కాబట్టి అది నన్ను ఎక్కువగా ఆకట్టుకుంది. అంతకన్నా ముందే, 2004 నుంచి 2009 వరకు అమెరికాలోని టెక్సస్‌లో 19 మంది పిల్లలకు ఇలాంటి కణాల తొలి రూపాన్ని ఇచ్చారు. వారిలో ఎక్కువమందిని జబ్బు తిరిగి తీసుకుపోయింది. కానీ వారిలో ఒకరు ఆ తర్వాత వేరే క్యాన్సర్ చికిత్స ఏదీ లేకుండా 18 ఏళ్ళకు పైగా జబ్బు లేకుండా ఉన్నారని 2025లో తెలిపారు. 19లో ఒకటి అన్నది చిన్న అంకె. ఆ ఒకరి ఇంట్లో అది మొత్తం అంకె. ఈ రెండు వాక్యాలనూ పక్కపక్కనే అచ్చువేయడం సాధ్యమేనని మీ వంటి పత్రిక చూపగలదు.

అందుచేత నా విన్నపం ఇది. పిల్లల క్యాన్సర్ మందుల గురించి ఇకముందు వార్త వేసేటప్పుడు, ఆ ఫలితం పళ్ళెంలోని కణాల్లో వచ్చిందా, ఎలుకల్లోనా, పిల్లల్లోనా అన్నది మొదటి పేరాలోనే చెప్పండి. పిల్లల్లో అయితే ఎంతమంది, ఎవరితో పోల్చారు, ఎన్నేళ్ళు చూశారు అన్నది చెప్పండి. ఆ మందు కొట్టే గుర్తు ఒంట్లో ఇంకెక్కడ ఉందో పరిశోధకుడిని అడిగి ఆ జవాబును అచ్చువేయండి. ఏ జన్యు మార్పు ఉన్న కణితికి అది పనికొస్తుందో, ఏ దశలో ఉన్న బిడ్డకు ఇస్తారో రాయండి. ‘మాత్రమే’ అన్న మాటకు బదులు ‘ఎక్కువగా’ అని రాస్తే శీర్షిక ఒక అక్షరం పెరుగుతుందేమో గాని, ఆ కాగితం పట్టుకుని కిటికీ దగ్గరకు వచ్చే మనిషికి అబద్ధం చెప్పినట్టు కాదు.

ఆ తండ్రి ఆ రోజు నా సమాధానం సగం విని, బిడ్డ పిలుస్తున్నాడని వార్డులోకి వెళ్ళిపోయారు. కాగితం కిటికీ దగ్గరే మరిచిపోయారు. అది ఇంకా నా దగ్గరే ఉంది. ఈ ఉత్తరాన్ని మీరు అచ్చువేస్తే రెండింటినీ కలిపి ఆయనకు ఇస్తాను.

ఇట్లు,
పిల్లల క్యాన్సర్ వార్డుకు మందులు అందించే ఒక ఫార్మసిస్టు